ముందు మోకరింపు, తర్వాతే ఉపవాసం

క్రైస్తవ ఉపవాసానికి అసలైన సిద్ధపాటు ప్రార్థన. భోజనం మానిన పూట చేసే ప్రార్థన గురించి అందరికీ తెలుసు. దానికంటే ముందు చేయవలసిన ప్రార్థన మరొకటి ఉంది. ఉపవాసం ఉండాలా వద్దా అన్నది ఇంకా తేలనప్పుడు, ఎందుకు ఉండాలి, ఎన్నాళ్లు ఉండాలి, ఎవరితో సమాధానపడి ఉండాలి అని దేవుని ఎదుట మోకరించి అడిగే ప్రార్థన అది. లేఖనాలలోని గొప్ప ఉపవాసాల వెనుక ఈ ప్రార్థన కనిపిస్తుంది. తూర్పు సంఘాలు దీనికోసం వారాల తరబడి సమయం కేటాయించాయి. పాశ్చాత్య మఠాలు దీన్ని నియమంగా రాసుకున్నాయి. నేటి తెలుగు సంఘాలలో చాలాచోట్ల చెల్లుబాటవుతున్న అభిప్రాయం మాత్రం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది.

ఆ అభిప్రాయంలో మూడు వాదాలున్నాయి. ఒకటి, ప్రార్థనకు బలం ఉపవాసం నుంచి వస్తుంది; మామూలు ప్రార్థనకు లొంగని సమస్య ఉపవాస ప్రార్థనకు లొంగుతుంది. రెండు, రోజులు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుంది. మూడు రోజులకు రానిది ఇరవై ఒక్క రోజులకు, అప్పటికీ రానిది నలభై రోజులకు వస్తుంది. మూడు, సిద్ధపాటు అంటే ఒంటిని సిద్ధం చేసుకోవడం. కాఫీ తగ్గించుకోవడం, ముందు రోజు తేలికగా తినడం చాలు, ప్రార్థన ఎలాగూ కూడికలో మొదలవుతుంది.

కొత్త సంవత్సరంలో జరిగే 21 రోజుల ఉపవాస ప్రార్థనలు, శ్రమల కాలపు నలభై దినాల కూడికలు, శుక్రవారపు ఉపవాస కూడికలు చాలావరకు ఈ మూడు వాదాల మీదే నడుస్తున్నాయి. తేదీలు, వేళలు, ప్రసంగీకుల పేర్లు ఫ్లెక్సీ మీదికి ఎక్కుతాయి. ఉద్యోగం, వీసా, పెళ్లి, సంతానం, అప్పు అని మనవుల చీటీలు చేరతాయి. మొదటి రోజు రాకముందు ఇంట్లో ఏమని ప్రార్థించాలో చెప్పే మాట ఆ ప్రకటనలో ఉండదు. ఆ కూడికలకు ఖాళీ కడుపుతో వచ్చి కన్నీళ్లతో మొరపెట్టేవారి ఆర్తి నిజమైనది, గౌరవించదగినది. తప్పు వారిది కాదు, వారికి అందిన బోధది. కాబట్టి ఆ బోధను ఒక్కొక్క వాదంగా పరిశీలించాలి.

ప్రార్థనకు బలం ఎక్కడిది?

మొదటి వాదానికి ఆధారంగా చూపే వాక్యం మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. మూగదయ్యం పట్టిన కుర్రవాడిని శిష్యులు బాగుచేయలేకపోయారు. ప్రభువు బాగుచేశాక, తామెందుకు ఓడిపోయామని వారు ఏకాంతంగా అడిగారు. ఆయన జవాబులో ప్రార్థనతోపాటు ఉపవాసం కూడా ఉన్నట్టు చాలామంది చదువుకున్నారు. కానీ నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ రాతప్రతులలో మార్కు రాసిన ఈ చోట ప్రార్థన ఒక్కటే ఉంది, ఉపవాసం లేదు. మత్తయి సువార్త 17వ అధ్యాయంలో ఇదే అర్థమిచ్చే 21వ వచనం ఆ రెండు ప్రతులలోనూ లేదు. అందుకే అనేక కొత్త అనువాదాలు వాటిని అడుగున సూచికలో మాత్రమే చూపుతున్నాయి. ఉపవాసానికి ఇంత పెద్ద శక్తిని అంటగట్టే బోధ ఇలాంటి వాక్యం మీద నిలబడటం క్షేమం కాదు.

ఉపవాసం చేర్చిన పాఠాన్నే అంగీకరించినా వాదం నిలవదు. కుర్రవాడు ఎదురుగా కొట్టుకుంటుండగా శిష్యులు నాలుగు రోజులు ఉపవాసముండి తిరిగి వచ్చే వీలు లేదు. పైగా వారు ఆ కాలంలో ఉపవాసం ఉండటం లేదని అదే సువార్త రెండో అధ్యాయం చెబుతోంది. పెండ్లికుమారుడు తమతో ఉండగా పెండ్లివారు ఉపవాసముండరని ప్రభువే వారి పక్షాన జవాబిచ్చాడు. కాబట్టి వారికి లోపించింది అప్పటికప్పుడు చేయవలసిన ఆహార నియమం అనుకోవడానికి వీల్లేదు. అంతకు ముందునుంచే సాగవలసిన ప్రార్థనా జీవితం వారిలో కొరవడింది. ఉపవాసాన్ని ఆయుధంగా చూపడానికి వాడే వాక్యం, సరిగా చదివితే, ముందస్తు ప్రార్థన అవసరాన్నే చాటుతోంది.

న్యాయాధిపతుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయాన్ని కూడా ఇలాగే వాడుతుంటారు. ఇశ్రాయేలీయులు బెన్యామీనీయుల మీదికి వెళ్లి మొదటి రోజు 22,000 మందిని, రెండో రోజు 18,000 మందిని పోగొట్టుకున్నారు. మూడోసారి సాయంత్రం దాకా ఉపవాసముండి వెళ్లి గెలిచారు. ఉపవాసం వల్లనే గెలుపు వచ్చిందన్నది బోధకుల ముగింపు. అయితే ఆ మూడుసార్లు వారు దేవుణ్ణి ఏమడిగారో గమనించాలి. మొదటిసారి యుద్ధం తామే నిశ్చయించుకొని, ముందు ఎవరు నడవాలని మాత్రమే అడిగారు. రెండోసారి ఏడ్చి, తమ సహోదరుడైన బెన్యామీను మీదికి మళ్లీ వెళ్లాలా అని అడిగారు. మూడోసారి వెళ్లాలా, మానాలా అని అడిగారు. మానమంటే మానడానికి సిద్ధపడినప్పుడు ఆ ఉపవాసం వచ్చింది. 40,000 మందిని పోగొట్టుకున్నాక గాని వారి ప్రార్థన ఆ స్థితికి చేరలేదు. ఆ మూడో ప్రశ్నను మొదటి రోజే అడగడం నేర్పేదే ప్రార్థనా సిద్ధపాటు.

నీనెవె కథ కూడా ఇదే చెబుతుంది. రాజు మొదలుకొని పశువుల దాకా ఉపవాసం పాటించారు. అయినా యోనా గ్రంథం మూడో అధ్యాయం చివర దేవుడు చూసినట్టు చెప్పింది వారి ఖాళీ కడుపులను కాదు. వారు చెడు నడతను మానుకోవడాన్ని ఆయన చూశాడు. రాజాజ్ఞలోనే బలాత్కారాన్ని విడిచిపెట్టాలన్న మాట ఉంది. మనసు తిరగడానికి ఉపవాసం గుర్తు అయింది గాని బదులు కాలేదు.

రోజుల లెక్క

రోజులు పెరిగితే ఫలితం పెరుగుతుందన్న రెండో వాదానికి దానియేలు పేరు వాడతారు. ఆయన మూడు వారాలు రుచికరమైన ఆహారం, మాంసం, ద్రాక్షారసం ముట్టలేదని పదో అధ్యాయం చెబుతోంది. ఇరవై ఒక్క రోజుల కూడికలకు మూలం ఇదే. కానీ అదే అధ్యాయంలో దూత చెప్పిన సంగతిని కూడికలలో అంతగా వినిపించరు. దానియేలు గ్రహించాలని, దేవుని ఎదుట తగ్గించుకోవాలని మనసు పెట్టిన మొదటి రోజే అతని మాటలు వినబడ్డాయన్నది దూత సాక్ష్యం. ఇరవై ఒకటో రోజు దాకా ఓర్చినందుకు జవాబు మంజూరు కాలేదు. ఆలస్యానికి కారణం వేరేచోట ఉందని దూతే వివరించాడు.

దానియేలు జీవితంలో ఆ ఉపవాసం హఠాత్తుగా ఊడిపడలేదు కూడా. రోజుకు మూడుసార్లు మోకరించడం అతని అలవాటని ఆరో అధ్యాయం చెబుతుంది. తొమ్మిదో అధ్యాయంలో యిర్మీయా ప్రవచనాన్ని చదివి, యెరూషలేము పాడుగా ఉండవలసిన డెబ్బై ఏళ్ల సంగతి గ్రహించాకే అతడు గోనెపట్ట కట్టుకొని ఉపవాసానికి కూర్చున్నాడు. అప్పుడు చేసిన ప్రార్థనలో అధిక భాగం పాపపు ఒప్పుకోలు. అందులో తన ప్రజల పాపాన్ని తన పాపంగా చెప్పుకున్నాడు. రోజూ ప్రార్థించడం, వాక్యం చదవడం, ఆ తర్వాత ఒప్పుకోలుతో కూడిన ఉపవాసం: ఆయన క్రమం ఇది. ఇరవై ఒకటి అనే అంకెను మాత్రం తీసుకొని ఈ క్రమాన్ని వదిలేసినవారు దానియేలును అనుసరించినట్టు కాదు.

నలభై రోజులకు చూపే ఆదర్శాలూ ఇంతే. ఏలీయా నలభై రోజుల ప్రయాణానికి ముందు చనిపోతే చాలునని దేవునికి మొరపెట్టాడు, దేవుని దూత లేపి రెండుసార్లు భోజనం పెట్టాడు. ప్రభువైన యేసు అరణ్యానికి వెళ్లకముందు ఏం చేస్తున్నాడో లూకా ప్రత్యేకంగా రాశాడు. యొర్దానులో బాప్తిస్మం పొంది ప్రార్థన చేస్తుండగా ఆకాశం తెరుచుకుంది, ఆత్మ దిగివచ్చింది, కుమారుడని తండ్రి పలికాడు. ఆ తర్వాతే ఆత్మ ఆయనను అరణ్యంలోకి నడిపింది. క్రైస్తవ లోకం మొత్తం తలచుకునే ఆ నలభై రోజుల ఉపవాసానికి ముందు ప్రార్థన ఉంది, పిలుపు ఉంది. తండ్రి ప్రేమను సంపాదించడానికి ఆయన ఆకలిగొనలేదు. ఆ ప్రేమ మాట విన్నాకే ఆకలిలోకి నడిచాడు.

రోజులు లెక్కించే జబ్బు కొత్తది కాదు. క్రీ.శ. 387లో అంతియొకయ నగరంలో శ్రమల కాలపు ప్రసంగాలు చేసిన యోహాను క్రిసోస్తం ఎదుట కూడా ఎన్ని వారాలు ఉపవాసం ఉన్నామని చెప్పుకునేవారు ఉన్నారు. శత్రువుతో సమాధానపడ్డావా, చెడు మాట మానావా, ఒట్లు పెట్టుకోవడం విడిచావా అన్నవే ఆయన వారి ముందుంచిన లెక్కలు. ఆ మూడింటిలో ఏదీ ఆకలి వల్ల దానంతటదే రాదు. ముందుగా దేవుని ఎదుట తన్ను తాను పరీక్షించుకున్నవాడికే అవి సాధ్యం.

ప్రార్థన లేని ఉపవాసం ఎక్కడికి దారితీస్తుంది?

ఒంటి సిద్ధపాటు చాలునన్న మూడో వాదం పైకి అమాయకంగా కనిపిస్తుంది. దాని ఫలితాలను బైబిలు దాచలేదు. సౌలు రాజు కథ వీటిలో అతి స్పష్టమైనది. మొదటి సమూయేలు 14వ అధ్యాయంలో, ఫిలిష్తీయుల పాళెంలో అలజడి పెరగడం చూసి, దేవుని దగ్గర విచారించబోతున్న యాజకుడిని చెయ్యి వెనక్కి తీసుకోమన్నాడు సౌలు. ప్రార్థన అక్కడ ఆగిపోయింది. తర్వాత అతడే సాయంత్రం దాకా ఎవరూ ఏమీ తినకూడదని సైన్యమంతటికీ ఒట్టు పెట్టాడు. జనం సొమ్మసిల్లిపోయారు. సాయంత్రానికి ఆకలికి ఆగలేక దోపుడు పశువులను రక్తంతోనే తిన్నారు. ఒట్టు సంగతి తెలియక కాస్త తేనె రుచి చూసిన యోనాతానుకు మరణశిక్ష దాకా వచ్చింది, జనం అడ్డుపడి కాపాడుకున్నారు. ఆ రాత్రి సౌలు దేవుణ్ణి అడిగితే జవాబు రాలేదు. అడగవలసినప్పుడు అడగకుండా, అధికారంతో మందిమీద రుద్దిన ఉపవాసం ధర్మశాస్త్రాన్ని మీరేలా చేసింది, నిర్దోషి ప్రాణం మీదికి తెచ్చింది.

అహాబు రాజ్యంలో జరిగింది ఇంకా ఘోరం. నాబోతు ద్రాక్షతోట కోసం యెజెబెలు రాజముద్ర వేసి రాయించిన లేఖలు ఉపవాసం చాటించాలన్న ఆజ్ఞతోనే మొదలయ్యాయి. ఊరంతా ఉపవాసానికి కూడింది. అందులో ఇద్దరు దొంగసాక్షులు నిలబడ్డారు. నాబోతును ఊరిబయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి చంపారు. అపొస్తలుల కార్యముల 23వ అధ్యాయంలో నలభైమందికి పైగా యూదులు పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. వీరందరి కడుపులూ ఖాళీగానే ఉన్నాయి. ఉపవాసానికి స్వతహాగా పవిత్రత ఉంటే వీటిని కూడా పవిత్రమనవలసి వస్తుంది.

చెడ్డవారి సంగతి అలా ఉంచినా, భక్తిగా ఉపవాసమున్నవారినే యెషయా 58వ అధ్యాయం నిలదీసింది. తాము ఉపవాసముంటే దేవుడెందుకు చూడడని వారు ఫిర్యాదు చేశారు. ఉపవాస దినానే వారు తమ వ్యాపారం చూసుకుంటున్నారని, పనివారిని పిండుతున్నారని, గొడవపడి పిడికిలి ఎత్తుతున్నారని ప్రవక్త బయటపెట్టాడు. జెకర్యా కాలంలో బేతేలు నుంచి వచ్చిన మనుషులు ఐదో నెల ఉపవాసం ఇంకా కొనసాగించాలా అని అడిగారు. డెబ్బై ఏళ్లుగా చేసిన ఆ ఉపవాసం నిజంగా తనకోసమేనా అని దేవుడు ఎదురు ప్రశ్న వేశాడు. డెబ్బై ఏళ్లు గడిచాక వినవలసి వచ్చిన ఈ ప్రశ్నను ప్రతి విశ్వాసీ మొదటి రోజుకు ముందే తనకు తాను వేసుకోవాలి.

సంఘ చరిత్ర సాక్ష్యం

ప్రభువు కొండమీది ప్రసంగంలో, మత్తయి ఆరో అధ్యాయంలో, మొదట ధర్మం గురించి, తర్వాత ప్రార్థన గురించి, ఆ ప్రార్థనకు ఆనుకొని ఇతరులను క్షమించడం గురించి, చివర ఉపవాసం గురించి బోధించాడు. పేదవాడి అవసరం తీర్చి, తలుపు వేసుకొని తండ్రితో మాట్లాడి, తోటివాడిని క్షమించినవాడు ఉపవాసం దగ్గరికి వస్తాడు. ఆ క్రమాన్ని ఆదిసంఘం నిలుపుకుంది. మొదటి శతాబ్దం చివర గాని రెండో శతాబ్దం మొదట గాని కూర్చినట్టు భావించే డిడకే అనే బోధగ్రంథం బుధ, శుక్రవారాల ఉపవాసాన్ని చెప్పిన వెంటనే ప్రభువు ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమంది. అదే గ్రంథం మొదటి అధ్యాయంలో హింసించేవారి కోసం ఉపవాసముండాలని ఉంది. హింసించేవాడి మేలు కోరి ఆకలిగొనాలంటే ఆ మనసు ముందుగా ప్రార్థనలో మెత్తబడాలి.

తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు పెద్ద ఉపవాసం అనే శ్రమల కాలానికి ముందు వరుసగా నాలుగు ఆదివారాలు సిద్ధపాటుకు కేటాయించాయి. మొదటి ఆదివారం సుంకరి, పరిసయ్యుల ఉపమానం చదువుతారు. తర్వాత తప్పిపోయిన కుమారుడు, ఆ తర్వాత అంత్యతీర్పు, చివరగా క్షమాపణ ఆదివారం. మొదటి ఆదివారం తర్వాత వచ్చే వారంలో మామూలుగా పాటించే బుధ, శుక్రవారాల ఉపవాసాన్ని కూడా నిలిపివేస్తారు. వారానికి రెండుసార్లు ఉపవాసముంటానని గొప్ప చెప్పుకున్న పరిసయ్యుడి ప్రార్థన కాకుండా, రొమ్ము కొట్టుకున్న సుంకరి ప్రార్థన ముందు నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. క్షమాపణ ఆదివారం సాయంత్రం గురువు, విశ్వాసులు ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. సోమవారం నుంచి ఉపవాసం మొదలవుతుంది. కేరళలోని సురియానీ సంఘాలు పెద్ద ఉపవాసానికి మూడు వారాల ముందు నీనెవె పేరిట మూడు రోజుల ఉపవాసం పాటిస్తాయి. పెద్ద ఉపవాసపు మొదటి సోమవారం ఒకరినొకరు క్షమించుకునే ఆరాధన జరుపుతాయి.

పడమటి సంప్రదాయంలో, ఆరో శతాబ్దంలో బెనెడిక్టు తన మఠనియమం 49వ అధ్యాయంలో ఒక కట్టడి పెట్టాడు. శ్రమల కాలంలో ప్రతి సన్యాసీ అదనంగా ఏం మానుకోబోతున్నాడో మఠాధిపతికి ముందే చెప్పి, ఆయన ప్రార్థనతో, సమ్మతితో చేయాలి. అలా కాకుండా సొంతంగా చేసినదాన్ని దేవునికి అర్పణగా కాక అహంకారంగా లెక్కిస్తారు. భస్మ బుధవారానికి ముందు మంగళవారం పాపసంకీర్తనకు వెళ్లడం మధ్యయుగపు ఇంగ్లండులో ఆచారం. కాలక్రమంలో ఆ ఒప్పుకోలు వెనుకబడి విందు మిగిలింది. గోవాలో శ్రమల కాలానికి ముందు జరిగే కార్నివాల్ అలాంటి విందు వారసత్వమే. శ్రమల కాలానికి ముందు ఉన్న మూడు సిద్ధపాటు ఆదివారాలను రోమన్ కథోలిక పంచాంగం 1969 సవరణలో తొలగించింది. సిద్ధపాటు చోటు ఖాళీ అయినప్పుడు దాన్ని తిండి ఆక్రమిస్తుందని ఈ చరిత్ర నేర్పుతోంది. నేటి తెలుగు సంఘాలలో ఆ ఖాళీని మనవుల చీటీలు ఆక్రమించాయి.

ముందుగా ఏమని ప్రార్థించాలి?

సిద్ధపాటు ప్రార్థనలో మొదటిది ప్రశ్న. ఈ ఉపవాసం దేవుడు కోరుతున్నదా, లేక తోటివారిని చూసి పుట్టిన కోరికా? అంతియొకయ సంఘంలోని ప్రవక్తలు, బోధకులు ప్రభువును సేవిస్తూ ఉపవాసముండగా, బర్నబాను, సౌలు అనే పౌలును ప్రత్యేకించమని ఆత్మ పలికినట్టు అపొస్తలుల కార్యముల 13వ అధ్యాయం చెబుతుంది. వారు మనవుల జాబితాతో కూర్చున్నట్టు అక్కడ లేదు. వినడానికి కూర్చున్నవారికి మాట వినబడింది.

రెండోది ఒప్పుకోలు. యెరూషలేము గోడల పాడు సంగతి విన్న నెహెమ్యా ఏడ్చి, ఉపవాసముండి చేసిన ప్రార్థన మొదటి అధ్యాయంలో ఉంది. దేవుని గొప్పతనంతో మొదలై, తన పాపాన్ని, తన తండ్రి ఇంటి పాపాన్ని ఒప్పుకొని, దేవుని వాగ్దానాన్ని జ్ఞాపకం చేసి, రాజు దయ కోసం అడిగే మనవి చివర ఒక్క వాక్యంలో వస్తుంది. కిస్లేవు నెలలో మొదలైన ఆ ప్రార్థన తర్వాత నీసాను నెలలో, అంటే సుమారు నాలుగు నెలలకు గాని, రాజు ఎదుట మాట్లాడే అవకాశం రాలేదు. నేటి కూడికలలో ఆ ఒక్క చివరి వాక్యమే ప్రార్థన మొత్తం అయిపోతోంది.

మూడోది సమాధానం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని ప్రభువు ఆజ్ఞ. అన్నదమ్ముల ఆస్తి తగాదా, తోడికోడళ్ల మాటపట్టింపు, కూలివాడికి ఆపిన కూలి తీర్చకుండా కూర్చునే ఉపవాసం యెషయా నిలదీసిన ఉపవాసమే. ఎవరి దగ్గరికి వెళ్లాలో ప్రార్థనలో పేరు గుర్తుకొస్తే, ఉపవాసం మొదలుకాకముందే ఆ గడప తొక్కాలి. భార్యాభర్తలు ప్రార్థన కోసం ఎడంగా ఉండటం కూడా ఉభయుల సమ్మతితోనే జరగాలని పౌలు కొరింథీయులకు రాశాడు. ఇంట్లో ఒకరి ఉపవాసం మరొకరికి వంటభారం, సేవాభారం కాకూడదన్న వివేకం ఇందులోంచే వస్తుంది.

నాలుగోది ఉద్దేశం. అహవా నది దగ్గర ఎజ్రా చాటించిన ఉపవాసానికి ఒకే స్పష్టమైన కారణం ఉంది. పిల్లలతో, ఆస్తితో సాగే ప్రయాణానికి రాజును సైన్యం అడగడానికి సిగ్గుపడి, దేవుని కాపుదల వేడుకోవడం. కారణం తెలిసినవాడికి ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ముగించాలో తెలుస్తుంది. ఉద్దేశంతోపాటు దానం కూడా ముందే తేల్చుకోవాలి. మానిన భోజనం ఎవరి కంచంలోకి వెళుతుందో నిర్ణయించని ఉపవాసం ఇంటి ఖర్చు తగ్గించడంతోనే ఆగిపోతుంది.

ఐదోది పరిమితి. శరీరం దేవుడిచ్చినది, దాని హద్దులను ఆయన ఎదుట ఒప్పుకోవడం అవిశ్వాసం కాదు. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడేవారు తిండి మానితే రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, దీర్ఘరోగులు వైద్యుడి మాట వినకుండా ఉపవాసానికి కూర్చోకూడదు. రోమన్ కథోలిక ధర్మశాసనం ఉపవాస విధిని 18 ఏళ్లు నిండినవారి నుంచి 59 ఏళ్లు పూర్తయ్యేవారి వరకే పెట్టింది. మాత్ర మానితేనే విశ్వాసమని బోధించేవారు సౌలు రాజు చేసిన తప్పునే చేస్తున్నారు.

చివరిది అప్పగింత. బిడ్డ కోసం దావీదు నేలమీద పడి ఉపవాసమున్నాడు, ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. అతడు లేచి స్నానం చేసి, దేవుని మందిరంలో మొక్కి, తర్వాత భోజనం చేశాడు. దేవుడు కనికరిస్తాడేమో అన్న ఆశతోనే ఉపవాసమున్నానని చెప్పాడు. నీనెవె రాజు మాటలోనూ, యోవేలు పిలుపులోనూ ఇదే ఆశ ఉంది. ముగ్గురిలో ఒక్కరూ దేవుడు తప్పక ఇస్తాడని అనలేదు. ఇవ్వకపోయినా మొక్కగలిగే మనసును ముందే అడిగి పొందనివాడు, కోరింది జరగనప్పుడు దేవుణ్ణే విడిచిపెట్టే ప్రమాదం ఉంది.

రాదగిన ఆక్షేపణలు

ఉపవాసమే ప్రార్థనకు సిద్ధపరుస్తుందని సంఘ సంస్కర్త కాల్విన్ చెప్పాడు కదా అన్నది బలమైన ఆక్షేపణ. తన క్రైస్తవ మతోపదేశం నాలుగో గ్రంథంలో ఆయన ఉపవాసానికి చెప్పిన మూడు ప్రయోజనాలలో ఒకటి అదే. కడుపు తేలికైతే మనసు ప్రార్థనలో నిలుస్తుందన్నది నిజమే. అయితే కాల్విన్ అక్కడితో ఆగలేదు. హృదయం కదలని ఉపవాసాన్ని దేవుడు అసహ్యించుకుంటాడని, దాన్ని పుణ్యంగా ఎంచకూడదని, విధిగా మెడమీద రుద్దకూడదని అదే చోట హెచ్చరించాడు. ఉపవాసం ప్రార్థనకు తోడ్పడుతుందన్నంత మాత్రాన ఉపవాసానికి ముందు ప్రార్థన అక్కర్లేదని అర్థం రాదు.

ఆపద ముంచుకొచ్చినప్పుడు ఇంత సిద్ధపాటుకు సమయం ఎక్కడిదన్నది రెండో ఆక్షేపణ. శత్రుసైన్యం వచ్చిపడుతోందన్న వార్త విన్న యెహోషాపాతు భయపడ్డాడు. అయినా ముందు యెహోవా దగ్గర విచారించడానికి మనసు నిలుపుకొని, తర్వాత యూదా అంతటా ఉపవాసం చాటించాడని రెండో దినవృత్తాంతములు 20వ అధ్యాయం ఆ క్రమాన్నే చెబుతోంది. సిద్ధపాటుకు కాలం కొలత కాదు. ఒక గంట మోకరింపు కూడా సిద్ధపాటే.

సంఘమంతా కలిసి ఉపవాసముంటే ఒక్కొక్కరూ వేరే సిద్ధపడనక్కర్లేదన్నది మూడోది. యోవేలు ఉపవాసాన్ని సంఘమంతటికీ చాటించమన్నాడు, పెద్దలను పిల్లలను కూర్చమన్నాడు. అంతకు ముందే బట్టలను కాక హృదయాన్ని చింపుకోమని ప్రజలను పిలిచాడు. ఆ పని ఒకరి బదులు మరొకరు చేయలేరు.

కాబట్టి ఉపవాసం చాటించే ప్రతి సంఘం, తేదీలు ప్రకటించే ముందు కనీసం ఒక వారం ప్రార్థనను ప్రకటించాలి. ఆ వారంలో మనవుల చీటీలు తీసుకోకూడదు. విశ్వాసులు వాక్యం చదవాలి, పాపం ఒప్పుకోవాలి, సమాధానపడవలసిన ఇళ్లకు వెళ్లాలి, దానం తీసి పక్కన పెట్టాలి, మందులు వాడేవారు వైద్యుడిని కలవాలి. అలా ప్రార్థించాక ఒక విశ్వాసి ఉపవాసం ఉండకూడదని తేల్చుకున్నా, ఆ ప్రార్థన వృథా కాదు. అది లేకుండా నలభై రోజులు అన్నం మానినా, దాన్ని క్రైస్తవ ఉపవాసం అనడానికి లేఖనంలో ఆధారం లేదు.